శివపార్వతి వేసిన వెనక సీలు

ప్రత్తిపాడు దాటి గుంటూరు వైపు వెళ్తుంటే ఎడమచేతి పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో ఆ మధ్యాహ్నం పదిమంది ఆడవాళ్ళు ఎండుమిర్చి కుప్పల చుట్టూ కూర్చుని కాయలకు ముచ్చికలు తుంచుతున్నారు. టీ ఫ్లాస్కు వచ్చింది. ఘాటుకి ముక్కులకు అడ్డంగా కట్టుకున్న చెంగులు కిందికి లాక్కుని అందరూ గ్లాసులు అందుకున్నారు. అప్పుడు సంతోషకుమారి తన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు ఒకటి తీసి, అందులో ఉన్న నల్లటి రబ్బరు చుట్టను అందరికీ చూపించి, దీని సైజు ఎంతో ఎవరికైనా తెలుసా అని అడిగింది.

వాళ్ళాయన జోసఫ్ చర్చి వాళ్ళ పాత అంబాసిడర్ నడుపుతాడు. నడవలేని ముసలివాళ్ళను ఆదివారం ప్రార్థనకు తెచ్చి దింపేది ఆ కారే. ఊళ్ళో ఎవరికన్నా ఒంట్లో బాగోకపోతే గుంటూరు ఆసుపత్రికి పరిగెత్తేది కూడా అదే. ఇప్పుడది ఇంజను ముందూ వెనకా ఆయిలు కారుస్తోంది. తిరిగే షాఫ్టు చుట్టూ ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు ఆయిల్ సీళ్ళలో ముందుదాన్ని జోసఫ్ ఊడదీశాడు. వెనక సీలు కోసం రేపు గేరుబాక్సు దించుతానంటున్నాడు. రెండు సీళ్ళూ గుంటూరు నుంచి పట్టుకురమ్మని భార్యకు చెప్పాడు. తీరా చూస్తే పాత సీలు మీద నంబరు అరిగిపోయి ఉంది.

సంతోషకుమారి అడిగింది అందరినీ. జవాబు చెప్పడానికి కాళ్ళు చాపుకుని సర్దుకుని కూర్చుంది మాత్రం శివపార్వతి. ఆవిడకు అరవై దగ్గరపడ్డాయి. ముప్ఫై ఏళ్ళు గాజుల మలారం భుజానికి తగిలించుకుని ఊరూరా తిరిగి గాజులు తొడిగింది. మోకాళ్ళు అరిగాక ఈ పనికి వస్తోంది.

"ఇటియ్యి," అంది. సీలు తీసుకుని, ఒక కన్ను మూసి, దాని బొక్కలోంచి సంతోషకుమారిని చూసింది. "నీ పని జరిగిపోయినట్టే అనుకో. ఆయిల్ సీళ్ళ సంగతి ఈ రెండు జిల్లాల్లో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, అది నేను. గొప్పకి చెప్పట్లేదు. గొప్పలు నాకు గిట్టవు."

పక్కనే ఉన్న జుబేదా గ్లాసు కింద పెట్టి మళ్ళీ మిరపకాయ అందుకుంది. వాళ్ళిద్దరిదీ పాతికేళ్ళ స్నేహం. ఈ కథ టీతో పాటు అయిపోయేది కాదని ఆవిడకు తెలుసు.

"మా ఆయన కోటేష్‌కి తెల్ల అంబాసిడర్ ఉండేది గదా, అద్దెకి తిప్పేవాడు. గుంటూరు నుంచి పొదిలి దాకా ఆ కారు ఎక్కని పెళ్ళికొడుకు లేడు. బండి బంగారమే గానీ దానికి ఒకటే రోగం, ఆయిలు కారేది. ఎక్కడ ఆపితే అక్కడ చారెడు నల్ల మడుగు. మా ఆయన ఎక్కడికి పోయాడో ఫోను చేసి అడిగే పనే ఉండేది కాదు నాకు, రోడ్డు మీద చుక్కలు చూసుకుంటూ పోతే దొరికేవాడు. ఓసారి అలాగే పోయి పేకాట దగ్గర పట్టుకున్నాను. అది వేరే కథ."

"ముందు ఇది చెప్పు," అంది జుబేదా.

"అదే చెప్తున్నా. పొదిలిలో అంకమ్మరావు గారని పెద్ద రైతు. మిర్చి, పొగాకు వేస్తాడు. కొత్తిల్లు కట్టి, కారు ఆపుకునే వసారాలో తెల్లరాయి పరిపించాడు, పాలు ఒలికినా కనపడనంత తెలుపు. వాళ్ళమ్మగారికి తొంభై ఏళ్ళు. రెండు కళ్ళకీ శుక్లాలు. గుంటూరు తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాలి. ఇంట్లో కొత్త కార్లు రెండున్నాయి, ఆవిడ ఎక్కదు. వాటిలో కూర్చుంటే నేల మీద చతికిలబడ్డట్టుంటుంది, నాకు ఎత్తుగా ఉండే అంబాసిడర్ కావాలి, లేకపోతే ఇలాగే చూపు లేకుండా పోతాను అని భీష్మించుకుంది. ఆయన మా ఆయన్ని పిలిపించాడు. అమ్మను వసారాలోనే ఎక్కించాలి, వసారాలోనే దించాలి, ఆవిడ ఎండలో రెండడుగులు కూడా వేయలేదు, కానీ నా రాయి మీద ఒక్క చుక్క పడిందంటే నువ్వూ నీ బండీ మళ్ళీ పొదిలి పొలిమేర తొక్కడానికి వీల్లేదు అన్నాడు. ఎనిమిది రోజులు గడువిచ్చాడు. ఒక పక్క పెద్దావిడ చూపు, ఒక పక్క మా ఆయన పొట్టకూడు. మధ్యలో ఇదిగో, ఇంత రబ్బరు ముక్క."

సీలు పైకెత్తి నలుగురికీ కనపడేలా ఒకసారి తిప్పింది.

"మా ఆయన మూడుసార్లు సీళ్ళు తెచ్చాడు, మూడుసార్లూ కారింది. ఏం చేసేవాడనుకున్నారు? పాత సీలు జేబులో వేసుకెళ్ళి, దీనికి జోడీ ఇవ్వండి అనేవాడు. అది పదేళ్ళ వేడికి ఎండి, గట్టిపడి, నోరు సాగిపోయి ఉంది. దాని కొలతకి తెస్తే కొత్తది మాత్రం కారక ఏం చేస్తుంది? సంతోషం, ఇది నీకు పనికొచ్చే మాట, బాగా విను. చచ్చిన సీలుని కొలవకూడదు. అది ఏ షాఫ్టు మీద కూర్చుంటుందో ఆ షాఫ్టుని కొలవాలి, ఏ గుంటలో దిగుతుందో ఆ గుంటను కొలవాలి, మందం చూడాలి. గాజూ అంతే. పాత గాజు చూసి కొత్త గాజు ఇస్తామా? చెయ్యి చూసి ఇస్తాం."

ఆ మాటలో తప్పేమీ లేదు. సంతోషకుమారి తల ఊపింది.

"ఇక లాభం లేదని బండిని గుంటూరు తోలుకుపోయాం. బైపాస్ దగ్గర సుభానీ షెడ్డని ఉంది, పాత బండ్లు బాగుచేస్తాడు..."

"సుభానీ మా నాన్నే పిన్నీ," అంది నసీమున్నీసా.

ఆ అమ్మాయి జుబేదాకి అక్క కూతురు. పుట్టిల్లూ అత్తిల్లూ గుంటూరే అయినా, మిర్చి సీజను కదా అని పిన్ని ఇంట్లో ఉండి పనికి వస్తోంది. వచ్చి మూడో రోజు. అప్పటిదాకా నోరు విప్పి నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. ఇప్పుడు అందరూ ఆ అమ్మాయి వైపు చూసి, తర్వాత శివపార్వతి వైపు చూశారు. శివపార్వతి ఏమాత్రం తొణకలేదు.

"అయితే మరీ మంచిది, సాక్షి దొరికింది. నేను ఎక్కడన్నా మర్చిపోతే నువ్వు అందించు," అని కొనసాగించింది. "వీళ్ళ నాన్న బానెట్ ఎత్తి చూశాడు. వదినా, ముందు సీలు పోయింది, వెనక సీలు పోయింది, తెస్తే వేస్తాను గానీ సైజు చెప్పడం మాత్రం నా వల్ల కాదు అని చేతులెత్తేశాడు. నేను కొంగు దోపుకుని కారు కిందికి దూరాను. షాఫ్టు కొస చూశాను. ఒక్క చూపు, అంతే. వీధిలో నడిచిపోతూ వాకిట్లో పిల్లను చూసి, రెండు నాలుగు గాజా, రెండు ఆరు గాజా చెప్పేసే కళ్ళివి. ఆ షాఫ్టుది రెండు నాలుగుకి నూలుపోగంత తక్కువ. రాసుకో అన్నాను. సుభానీ స్కేలు పెట్టి కొలిస్తే తేడా వచ్చింది. తర్వాత తేలిందేంటంటే స్కేలే తప్పు చూపిస్తోంది. పాపం, ఆ స్కేలు పారేశాడు."

సంతోషకుమారి ఆగలేక, నిజంగా పారేశాడా అని నసీమున్నీసాను అడిగింది. స్కేలు ఇంకా షెడ్డులోనే ఉందని ఆ అమ్మాయి చెప్పింది.

"అది వేరే స్కేలు," అంది శివపార్వతి. "ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? సీళ్ళ కొట్టుకి పోయాను. కౌంటరులో ఆయన నంబరెంతమ్మా అన్నాడు. నంబరు మీ పని, చెయ్యి నా పని, డబ్బాలు దించండి అన్నాను. దించాడు. ఒక్కోటీ తీసి చూస్తుంటే ఒకదాని పెదవి మొద్దు, ఒకదాని లోపల స్ప్రింగు వదులు, ఇంకొకటి చూడ్డానికి నిగనిగలాడుతుంది గానీ ఇంజను వేడికి ఆగే రబ్బరు కాదు. వేడి తగిలే చోట వేడికి ఓర్చే రబ్బరే వేయాలి, లేకపోతే ఆర్నెల్లలో అప్పడమైపోతుంది. ఏది ఓరుస్తుందో ఎలా కనిపెట్టానంటారా? నమిలి చూశాను. వేడికి ఓర్చేది కాస్త వగరుగా ఉంటుంది."

"మిగతావి?" అంది జుబేదా.

"చప్పగా ఉంటాయి. సరే, అలా నమిలి నలభై వేరు చేశాను. వాటిలో సరిపోయేది ఏదో తొడుక్కుని చూస్తేనే గదా తెలిసేది? ఎడమచేతికి ఇరవై, కుడిచేతికి ఇరవై, మోచేతుల పైదాకా తొడుక్కున్నాను. చెయ్యి విదిలిస్తే జారకూడదు, పిడికిలి బిగిస్తే నొక్కుకోకూడదు, ఆ రెంటికీ మధ్య నిలబడాలి. కొట్లో నిలబడి తేల్చే పని కాదిది, నడవాలి. అలాగే బ్రాడీపేట రెండో లైను నుంచి నాలుగో లైను దాకా చేతులు ఊపుకుంటూ నడిచాను. సరిగ్గా కోచింగు సెంటర్లు వదిలే టైము. ఆడపిల్లలు చుట్టుముట్టేశారు. ఆంటీ, ఈ మోడల్ ఎక్కడ కొన్నారు, నల్లగా ఎంత బావున్నాయి అని ఒకటే గోల. వారం తిరక్కముందే బ్రాడీపేటలో ఆయిల్ సీలు తొడుక్కోని ఆడపిల్ల లేదు. గుంటూరులో సీలన్నది దొరకడం మానేసింది. లారీలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మిర్చి బస్తాలు కదల్లేదు. వ్యాపారులంతా కలిసి నా దగ్గరికొచ్చి, అమ్మా, మీ మాట వింటారు, ఆ పిల్లల చేత గాజులు తీయించండి అని బతిమాలారు. ఆటోకి మైకు కట్టించుకుని లైను లైనుకీ తిరిగి చెప్తే తీశారు. ఇప్పటికీ ఒకరిద్దరు తియ్యలేదు."

వెనక కూర్చున్న ఆవిడ ఒకతె నవ్వు ఆపుకోబోయి తుమ్మింది. మిర్చి షెడ్డులో ఒకళ్ళు తుమ్మితే నలుగురు తుమ్ముతారు. తుమ్ములన్నీ అయిపోయేదాకా శివపార్వతి ఓపికగా ఆగింది.

"నలభైలో ఒక్కటే నిలబడింది. ఆ ఒక్కటీ తీసుకుని షెడ్డుకి వచ్చాను. అది వెనక సీలు. ముందుది ఎవరైనా వేస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. వెనకదే ప్రాణం. సుభానీ గేరుబాక్సు దించాడు, క్లచ్చు విప్పాడు, దాని వెనక ఉన్న పెద్ద చక్రం విప్పాడు, సుత్తి తీసుకున్నాడు. ఆపాను. సుత్తితో కొట్టి గాజు తొడిగిన వాళ్ళని ఎక్కడన్నా చూశావా అన్నాను. సీలు పెదవి లోపలికి చూడాలి, ఆయిలు ఉండే వైపుకి. తిరగేసి పెడితే ఎంత మంచి సీలైనా కారుతుంది. గుర్తుపెట్టుకో సంతోషం. చేతులకి ఆముదం రాసుకున్నాను, షాఫ్టుకీ కాస్త రాశాను. చెయ్యి వదులు తల్లీ, బిగబట్టకు అన్నాను. ఏ ఆడపిల్లకైనా నేను చెప్పేది ఆ మాటే. షాఫ్టు ఒక్కసారి వణికింది. కొత్త పెళ్ళికూతురు చెయ్యి అలాగే వణుకుతుంది. తర్వాత వదిలింది. సీలు టక్కున కూర్చుంది. ఆ చప్పుడు తెనాలి దాకా వినపడిందని అంటారు. నాకు తెలియదు, నేను తెనాల్లో లేను గదా."

నసీమున్నీసా కాయలు తుంచడం ఆపి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని వింటోంది.

"బండి స్టార్టు చేసి, కింద తెల్ల కాగితాలు పరిచాం. గంటసేపు ఇంజను ఆడింది. ఒక్క చుక్క లేదు. అక్కడితో ఆగితే ఇది మామూలు మెకానిక్కు చేసే పని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందు షెడ్డు బయట మున్సిపాలిటీ కుళాయి కారడం ఆగింది. తర్వాత పక్కింటి కప్పు కారడం ఆగింది. ఎదురింటి చంటిపిల్ల ముక్కు కారడం ఆగింది. అదంతా సంతోషమే. వెనక వీధిలో గేదె పాలివ్వడం మానేసింది. పాలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. బండి ఇక్కడినుంచి తీస్తారా లేదా అన్నాడు."

"తీశారా?" అంది జుబేదా.

"తీయక? కానీ బయల్దేరే ముందు ఆయిలు చూసే పుల్ల లాగి చూస్తే, పోసినదానికన్నా రెండు గీతలు పైకుంది. ఇదేంటని సుభానీ నేల వంక చూసుకున్నాడు. పాతికేళ్ళుగా ఆ షెడ్డులో అట్టకట్టిన నల్ల జిడ్డు లేదు. సిమెంటు తళతళలాడుతోంది. అప్పుడు అర్థమైంది. ఆ సీలు ఎంత నిక్కచ్చిగా కూర్చుందంటే, ఉన్న ఆయిల్ని పోనివ్వకపోవడం అటుంచి, పోయిన ఆయిల్ని వెనక్కి పిలుస్తోంది. పొదిలి రోడ్డెక్కాం. ఇరవై ఏళ్ళుగా మా బండి ఆ రోడ్డు మీద కార్చిన చుక్కలన్నీ ఒక్కోటీ లేచి, చీమల బారు లాగా బండి వెంటపడ్డాయి. అద్దంలో చూసి మా ఆయన భయపడి స్పీడు పెంచాడు. అవీ పెంచాయి. అద్దంకి ఊరి దగ్గర ఒక చుక్క వెనకబడిపోతే పాపమనిపించి, బండాపి ఎక్కించుకున్నాం. ముసలి చుక్క, బండి కొన్న ఏడాది కారింది."

"ముసలిదని ఎలా తెలిసింది అత్తా?" అంది సంతోషకుమారి.

"కుంటుకుంటూ వచ్చింది గదే. సరే, అంకమ్మరావు గారి వసారాలో బండి ఆపాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వంగి, రాయి రాయీ చూశాడు. చుక్క లేదు. ఆయన చూస్తూ ఉండగానే పక్కన ట్రాక్టరు కింద ఉన్న మరక జరుక్కుంటూ జరుక్కుంటూ వచ్చి మా ఇంజన్లోకి ఎక్కింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు ఎంతసేపు? వంటింట్లోంచి కోడలి కేక. ఆవకాయ జాడీలో పైన వేలెడు నూనె తేలుతుండేదట, చుక్క లేదు, ఎండు ముక్కలూ కారమూ మిగిలాయి. దేవుడి దగ్గర దీపం కొండెక్కింది. పెద్దావిడ అప్పుడే తలకి కొబ్బరినూనె పట్టించి, నున్నగా దువ్వించుకుని, కోడలి చెయ్యి పట్టుకుని బయటికి వస్తోంది. గడప దాటేసరికి జుట్టంతా పగిలిన పత్తికాయ లాగా విచ్చుకుని లేచి నిలబడింది. ఆవిడకి చూపు లేదు కాబట్టి సరిపోయింది. నా తల ఎవరే ఆరబెట్టింది అని మాత్రం అడిగింది."

ఈసారి అందరూ నవ్వారు. కోల్డ్ స్టోరేజీ గుమస్తా తొంగిచూసి, పని జరుగుతోందా అని అడిగి వెళ్ళిపోయాడు. శివపార్వతి నాలుగు కాయలకు గబగబా ముచ్చికలు తుంచి, ఐదో కాయ చేతిలో పట్టుకుని మళ్ళీ ఎత్తుకుంది.

"ఆవిడను ఎత్తుగా కూర్చోబెట్టుకుని గుంటూరు తెచ్చాం. ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక ఆవిడ మొట్టమొదట చూసింది నన్నే. నీ మొహం బావుంది గానీ నా నూనె నాకిచ్చెయ్ అంది. ఇంజను కింద బిళ్ళ విప్పితే పదకొండు డబ్బాలు వచ్చింది. ఆవకాయ నూనె వేరే, తలనూనె వేరే, దీపం నూనె వేరే వడకట్టి ఎవరిది వాళ్ళకి ఇచ్చాను. తలనూనెలో కాస్త కారం తగిలిందని ఆవిడ అంది. అంత పనిలో ఆమాత్రం ఉంటుంది."

"అయిపోయిందా?" అంది జుబేదా.

"అసలు కథ ఇప్పుడే మొదలు. అంకమ్మరావు గారు నన్ను వదల్లేదు. ఆ మార్చిలో ఆయన కల్లంలో మిర్చి ఆరబోసి ఉంది. ఎకరాల పొడుగునా ఎర్రగా, కనుచూపుకి అందడం లేదు. ఆ రోజు మబ్బు పట్టింది. కప్పడానికి పట్టాలు చాలవు. వాన తగిలితే కాయ తెల్లబడిపోతుంది, ఏడాది కష్టం మట్టిపాలు, మీకు నేను చెప్పాలా? ఆయన ఏడుపు గొంతుతో ఫోను చేశాడు. శివపార్వతమ్మా, ఇది కూడా కారడమే గదమ్మా అన్నాడు. నిజమే గదా. వాన అంటే ఏంటి? ఆకాశం కారడం."

ఎవరి చేతిలో కాయ వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది.

"కారు వేసుకుని పోయాం. కల్లం మధ్యలో మిర్చి నింపిన టిక్కీ బస్తాలు ఒకదాని మీద ఒకటి తాటిచెట్టెత్తున పేర్పించి, వాటి మీదికి బండెక్కించి, బండి టాపు మీద నేనెక్కాను. ఒక కన్ను మూసి, బొటనవేలూ చూపుడువేలూ చాపి మబ్బుకి కొలత తీశాను. అమ్మో, చాలా పెద్ద చెయ్యి. అంత గాజు ఏ కొట్లోనూ లేదు. పొదిల్లో, దర్శిలో ఉన్న ట్రాక్టరు ట్యూబులన్నీ తెప్పించి, కోసి, అతికించాం. లోపలి స్ప్రింగుకి మూడు ఊళ్ళ చేల కంచె తీగ చుట్టాం. నాలుగు వందల మంది గెడలతో పైకెత్తారు. ఆముదం కావాలంటే జిల్లాలో ఉన్న ఆముదమంతా బిందెలతో వచ్చింది. పెదవి ఎటు? ఆయిలు వైపుకి అని చెప్పాను గదా, ఇక్కడ నీళ్ళ వైపుకి, అంటే పైకి. చెయ్యి వదులు తల్లీ అన్నాను. మబ్బు ఉరిమింది. అది కోపం కాదు, సిగ్గు. తర్వాత వదిలింది. టక్కుమంది. వాన మొదలైంది. ఎక్కడ? కల్లం చుట్టూ గిరి గీసినట్టు గుండ్రంగా పడింది. లోపల ఒక్క చినుకు లేదు. గీత ఇవతల నిలబడి, చేతులు అవతలికి చాపి కడుక్కుని, జనం అన్నాలకి కూర్చున్నారు."

సంతోషకుమారి నెమ్మదిగా అడిగింది, ఆ సీలు ఇప్పుడెక్కడుంది అని.

"అక్కడే ఉంది. తీయడానికి తీరికేదీ? పొదిలి వైపు వానలు సరిగా పడట్లేదని ఏటా అంటుంటారు చూడు. ఎందుకో నాకు తెలుసు. మోకాళ్ళు కాస్త నయమయ్యాక పోయి తీసొస్తాను. అప్పటిదాకా ఈ మాట షెడ్డు దాటనివ్వకండి," అని గొంతు తగ్గించి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగింది. "కాబట్టి సంతోషం, జోసఫ్‌ని ఇవాళే గేరుబాక్సు దించి పెట్టుకోమను. రేపు నువ్వు సీళ్ళు తే. వెనక సీలు నేనొచ్చి తొడుగుతాను. నా చెయ్యి పడిందంటే ఆ కారు జన్మలో కారదు."

ఆకాశం సంగతి ఎలా ఉన్నా, షాఫ్టుని కొలవమనడం, పెదవి లోపలికి పెట్టమనడం సంతోషకుమారికి నమ్మదగ్గ మాటల్లాగే అనిపించాయి. ఎల్లుండి ఆదివారం. కారు లేకపోతే ముగ్గురు ముసలివాళ్ళు చర్చికి రాలేరు. ఇవాళ దించితే పని త్వరగా తెములుతుందని ఫోను తీసి జోసఫ్ నంబరు నొక్కబోయింది.

"ఆగు అక్కా," అంది నసీమున్నీసా. "గేరుబాక్సు దించొద్దని చెప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆ అమ్మాయి కాస్త తడబడింది గానీ చెప్పదలుచుకున్నది చెప్పింది. పెళ్ళయ్యేదాకా తను బడి నుంచి రాగానే నాన్న పక్కనే కూర్చునేదాన్నని, ఆయన అడిగిన స్పానరల్లా అందించేదాన్నని అంది. కొలతల సంగతి శివపార్వతి పిన్ని చెప్పినదంతా సరైనదేనని, ముందు సీలుకి అలాగే చేయమని అంది. షాఫ్టు మీద పాత సీలు రాసుకుని గాడి పడిందేమో వేలితో తడిమి చూడాలట. గాడి పడితే ఎంత మంచి సీలు వేసినా ఆగదట.

"మరి వెనకది?" అంది సంతోషకుమారి.

"వెనకది లేదక్కా. ఆ పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకి క్రాంకు షాఫ్టు వెనక ఆయిల్ సీలే ఉండదు. తయారైనప్పటినుంచీ లేదు. షాఫ్టు మీదే మరమేకుకి ఉన్నట్టు గాడి కోసి ఉంటుంది. తిరిగేటప్పుడు ఆ గాడే ఆయిల్ని లోపలికి తోసేస్తుంది. గేరుబాక్సు దించి ఎంత వెతికినా మార్చడానికి అక్కడ ఏమీ ఉండదు."

మరి వెనక ఎందుకు కారుతోందని సంతోషకుమారి అడిగితే, ఇంజను లోపలి గాలి బయటికి పోయే గొట్టం పూడుకుపోతే అలాగే కారుతుందని నసీమున్నీసా చెప్పింది. గాలికి దారి లేక ఆయిల్ని వెనక నుంచి తోస్తుంది. ఈ పక్క రోడ్ల మీద పత్తి నూగు, మిర్చి దుమ్ము ఎక్కువ కాబట్టి అది తొందరగా పూడుతుంది. ముందు ఆ గొట్టం విప్పి కడిగి చూడమంది. ఆయిలు గీత దాటేలా పోయొద్దంది. అప్పటికీ కారితే నాన్న షెడ్డుకి తీసుకెళ్ళమంది.

సంతోషకుమారి ఫోను కలిపి ఆ మాటలే జోసఫ్‌కి చెప్పింది. అతను స్పానరు చేతిలో పట్టుకునే ఉన్నాడట.

అప్పుడు నసీమున్నీసా శివపార్వతి వైపు తిరిగింది.

"మీ తెల్ల బండి నాకు బాగా గుర్తుంది పిన్నీ. నేనప్పుడు ఎనిమిదో తరగతి. నాన్న దాని గేరుబాక్సు దించలేదు. ఆ గొట్టంలోంచి పిడికెడు పత్తి లాగాడు, ముందు సీలు మార్చాడు, అంతే. అదయ్యేదాకా మీరు షెడ్డు బయట బల్ల మీద కూర్చుని నాకు గాజులు తొడిగారు. ఎరుపువి, డజను. చెయ్యి వదులు తల్లీ అన్నారు. ఒక్కటి కూడా పగల్లేదు."

శివపార్వతి ఆ అమ్మాయి ముంజేతి వైపు చూసింది. ఇప్పుడు రెండు ఆరు, అని తనలో తాను అనుకున్నట్టు అంది. మిరపకాయ ఒకటి తీసుకుంది, ముచ్చిక తుంచింది, కుప్పలో వేసింది. జుబేదా ఆవిడ మొహం వంక చూడకుండా పనిలో మునిగింది. ఇక కథ అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

"విన్నావా సంతోషం," అంది శివపార్వతి కాసేపటికి. "అసలక్కడ సీలే లేదంట. లేని సీలుతోనే నేను అంత ఆయిలు వెనక్కి రప్పించాను. ఉండుంటే ఇంకేం చేసేదాన్నో."